మన పాత దస్త్రాలు – నలుగురి చేతులు

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని పెద్దలు అడిగినప్పుడు, అలవాటు ప్రకారం మార్కండేయుడి దగ్గర, భావనారుషి దగ్గర మొదలుపెట్టి మన వలసల దాకా రాద్దామనుకున్నాను. కానీ ఆ కథ ఇప్పటికే చాలా సంచికల్లో వచ్చింది, నాకంటే బాగా రాసినవాళ్లే రాశారు. ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. మన చరిత్ర ఏ కాగితాల మీద, ఏ గుడ్డల మీద రాసి ఉంది, ఎవరు రాశారు, ఎవరు దాచారు, మనం ఎట్లా పోగొట్టుకుంటున్నాం అన్నది. దీనికి ఒక కారణం ఉంది.

కొన్నేళ్ల కింద మా సోలాపూర్‌లో మన కుటుంబాల్లోని ఒక పిల్లవాడికి ఇంజనీరింగు సీటు వచ్చింది. కులం దాఖలా చేతిలో ఉంది గానీ, అది సరైనదే అని కమిటీ తేల్చి ఇచ్చే వ్యాలిడిటీ లేదు. మహారాష్ట్రలో వెనుకబడిన వర్గాలవాళ్లు దానికోసం 1967 అక్టోబరు 13 కంటే ముందు నాటి కాగితం చూపించాలి. పిల్లవాడి తాత బడికి పోలేదు. మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు ఎప్పుడో మూతపడింది, దాని మస్టర్లు ఏమయ్యాయని అడగడానికి మనిషి లేడు. అయితే ఆ తాత మన సంఘం ఒకదానికి నెలనెలా చందా కట్టినవాడు. చందా పుస్తకంలో ఇంటిపేరు, కులం, సొంతూరు అన్నీ రాసేవాళ్లని పెద్దవాళ్లకు గుర్తుంది. పుస్తకం కోసం పోతే తెలిసిందేమిటంటే, హాలుకు సున్నం వేసినప్పుడు అటక మీదున్నవన్నీ దించి రద్దీవాడికి తూకానికి ఇచ్చేశారని.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, ఆ మాట దాచను. అట్టలు బాగున్నాయని మూడు పుస్తకాలు పక్కకు తీసి ఇంటికి తెచ్చుకున్నాను. మిగతావి హాతగాడీ మీద పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అవి లెక్కల పుస్తకాలు, లెక్కలు ఎప్పుడో తేలిపోయాయి, ఇంకెందుకు అనుకున్నాం అందరం.

ఆ మూడింటిలో ఒకదానిలో తాత పేరు దొరికింది. దొరికినా పని కాలేదు. ఆ కథ చివర్లో చెబుతాను. ముందు చెప్పవలసింది ఇది: మన దస్త్రాలు ఏ కాలంలోనూ ఒక్క వృత్తివాళ్ల చేతిలో లేవు. నిలిచినవి నలుగురు కలిసి పట్టుకున్నందుకే నిలిచాయి. పోయినవి, ఎవరికివారు ఇది నా పని కాదని వదిలేసినందుకు పోయాయి.

గుడ్డ మీది దస్త్రం

తెలంగాణలో పద్మశాలీల కులపురాణం కాగితం మీద కంటే గుడ్డ మీద ఎక్కువ ఉండేది. కూనపులివాళ్లు ఊరూరా తిరిగి, పటం వేలాడదీసి, ఒక్కొక్క వరసే విప్పుతూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవాళ్లు. ఆ పటం వేసేది మాత్రం వాళ్లు కాదు, చేర్యాల నకాషీలు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, దాని మీద రంగులు వేసేవాళ్లు. గుడ్డ నేసినవాడు ఒకడు, పూత పూసి బొమ్మ గీసినవాడు ఒకడు, బొమ్మను చూసి కథ చెప్పేవాడు ఇంకొకడు. విని కట్నం ఇచ్చేది మళ్లీ మన శాలవాడే. ఇందులో ఒకరి పని ఇంకొకరికి రాదు. నకాషీకి కథంతా నోటికి రాదు, కూనపులికి కుంచె పట్టడం రాదు, మనకు ఆ రెండూ రావు.

నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పటం చిరిగి పాతబడితే కొత్తది వేయించేవాళ్లు. పాతదాన్ని చూసే కొత్తది గీసేవాళ్లు కనుక కథ తప్పేది కాదు. కొత్తది చేతికి వచ్చాక పాతదానికి పూజ చేసి నీళ్లలో కలిపేవాళ్లు. అంటే పారేయడానికి కూడా వాళ్లకు ఒక పద్ధతి ఉంది. నకలు తయారై, సరిచూసుకున్న తర్వాతే అసలుకు సెలవు. మన హాలు అటక మీది పుస్తకాలకు ఆ పాటి మర్యాద జరగలేదు.

ఒడిశాలోని బరంపురంలో దస్త్రం ఇంకో రూపంలో ఉంది. అక్కడ రెండేళ్లకొకసారి బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. అమ్మవారు అక్కడి దేవాంగ కులపెద్ద ఇంటి ఆడపడుచు అని నమ్మకం. ఆ పెద్దను దేశిబెహరా అంటారు. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఊరంతా చేస్తుంది. ఎవరి ఇంటి నుంచి ఏమి రావాలి, ఎవరు ముందు నడవాలి అన్నది జాతరే గుర్తుంచుకుంటుంది. నేత కుటుంబాలు గోదావరి వైపు నుంచి పట్టు మగ్గాలతో అక్కడికి చేరిన ముచ్చట ఏ రిజిస్టరులో ఉన్నా లేకున్నా, ఆ ఊళ్లో మనవాళ్ల స్థానం ఏమిటో రెండేళ్లకొకసారి వీధిలోనే చదివి వినిపిస్తారు. కానీ జాతర కోర్టుకు రాదు, కమిటీ ముందు సంతకం పెట్టదు. అక్కడికి కాగితమే కావాలి.

కంపెనీ పద్దుల్లో మనం

కాగితం మీద మన గురించి అందరికంటే ఎక్కువ రాసినవాళ్లు మనల్ని ప్రేమించినవాళ్లు కాదు, మన బట్ట కొన్నవాళ్లు. ఈస్టిండియా కంపెనీ ప్రతి బేరమూ, ప్రతి బయానా, ప్రతి తగాదా పుస్తకాల్లో ఎక్కించింది. మద్రాసులోని చింతాద్రిపేట 1734లో గవర్నరు పిట్ కాలంలో నేతగాళ్ల కోసమే కట్టిన పేట. 'చిన్న తరి పేట' అంటే తమిళంలో చిన్న మగ్గాల పేట. సుంకురామ అనే కంపెనీ వర్తకుడి తోట ఉన్న నేలలో నూలు వడికేవాళ్లను, నేసేవాళ్లను, అద్దకం వాళ్లను, చాకళ్లను తెచ్చి పెట్టారు. ఇదంతా మనకు తెలిసింది ఆ పుస్తకాల వల్లే. అవి ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ఎర్ర భవనంలో, 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా కట్టినదానిలో, భద్రంగా ఉన్నాయి.

ఆ పద్దుల్లో మన గొంతు కూడా ఉంది, వెతికితే. ఉత్తర కోస్తా నేతగాళ్లు కంపెనీ గుమాస్తాల మీద, దళారుల మీద పెట్టుకున్న అర్జీలు అందులో కలిసి ఉన్నాయి. పి. స్వర్ణలత గారు 1750 నుంచి 1850 దాకా ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల లోకం మీద రాసిన పుస్తకం 2005లో వచ్చింది, అది ఇట్లాంటి దస్త్రాల నుంచి తీసిందే. అర్జీ చెప్పేది నేతగాడు. రాసేది కరణమో రాయసగాడో. ఇంగ్లీషులోకి మార్చేది దుబాసి. పుస్తకంలో ఎక్కించేది కంపెనీ రైటరు. రెండు వందల ఏళ్ల తర్వాత చదివేది చరిత్రకారిణి. మధ్యలో ఏ ఒక్క చెయ్యి తప్పినా మనవాళ్ల ఏడుపు మన దాకా వచ్చేది కాదు.

అయితే ఆ దస్త్రాలను చదవడానికి చరిత్ర చదువు ఒక్కటే చాలదు. ఒక ఉదాహరణ చెబుతాను. కంపెనీ ఆర్డర్లలో బట్టకు 'పుంజం' లెక్క ఉంటుంది. పద్నాలుగు పుంజాలు, ముప్పై ఆరు పుంజాలు అని. మొదటిసారి చదివేవాళ్లకు అది ఊరి పేరో, బట్ట రకమో అనిపిస్తుంది. పడుగులో నూట ఇరవై పోగులు ఒక పుంజం అన్నది కంపెనీ కొనుగోళ్ల లెక్క. పద్నాలుగు పుంజాలంటే 1,680 పోగులు, ముప్పై ఆరంటే 4,320. బట్ట అదే వెడల్పు, పోగులు రెండున్నర రెట్లు. నూలు ఎంత సన్నం కావాలి, ఆసు పోయడానికి ఎన్ని రోజులు, అచ్చు ఎట్లాంటిది కావాలి, ఇవన్నీ మగ్గం మీద కూర్చున్నవాడికి ఒక్క చూపులో తెలుస్తాయి. ధర రెట్టింపు ఇవ్వకుండా పుంజాలు పెంచమన్నారంటే ఆ అర్జీలో కోపం ఎందుకుందో కూడా తెలుస్తుంది. చరిత్రకారుడు ఆ కోపాన్ని రాజకీయం అనుకోవచ్చు. నేతగాడికి అది కూలి.

బట్టే దస్త్రమైన సందర్భం కూడా ఒకటుంది. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన, వృత్తికి వైద్యుడు, ఈ దేశపు బట్టల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటాల్లో అతికించాడు. ప్రతి ముక్క పక్కన ఎక్కడిది, పొడవు వెడల్పు ఎంత, బరువు ఎంత అని అచ్చు వేయించాడు. అట్లాంటివి 20 సెట్లు తయారైతే 13 బ్రిటనులో పంచి, 7 ఇండియాకు ఇచ్చారు. అక్కడి మిల్లువాళ్లు చూసి ఇక్కడి బజారుకు తగిన బట్ట నేయాలన్నది అసలు ఉద్దేశం. మన కడుపు కొట్టడానికి తయారైన పుస్తకమే ఈ రోజు మన అమ్మమ్మల చీరల అంచులు ఎట్లుండేవో చూపిస్తుంది. ఏడవాలో నవ్వాలో తెలియదు గానీ, ముక్క కత్తిరించి ఊరు పేరు రాసిపెట్టినవాడి పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది. మన ఇళ్లలో పాత చీరలున్నాయి. ఎవరు నేశారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఒక చీటీ కుట్టిపెట్టిన ఇల్లు ఎన్ని?

మెకంజీ, బొర్రయ్య, లక్ష్మయ్య

రకరకాల వృత్తులవాళ్లు కలిసి దస్త్రాలు కూడబెట్టడం అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తు రావలసింది కావలి సోదరులు. కర్నల్ కాలిన్ మెకంజీ కంపెనీ పటాలంలో సర్వేయరు. కొండలు, చెరువులు కొలిచే పని ఆయనది. తెలుగు రాదు, సంస్కృతం రాదు. కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాక కొలతల పని పక్కన ఇంకో పని మొదలైంది. ఊరి పుట్టుక, గుడి మాన్యం, పాలెగాడి వంశం, పన్నులు, కులాలు, పంటలు అన్నీ ఊరి కరణాల దగ్గర అడిగి రాయించడం. వాటినే కైఫీయత్తులు అంటున్నాం. పాత కన్నడ శాసనాలు చదవడానికి ధర్మయ్య అనే జైన పండితుడు తోడయ్యాడు. బొమ్మలు గీసేవాళ్లు, నకళ్లు రాసేవాళ్లు ఉన్నారు. కొలిచేవాడు, అడిగేవాడు, చదివేవాడు, గీసేవాడు, నకలు రాసేవాడు. వీళ్లలో ఏ ఒక్కరూ ఆ భాండారాన్ని ఒంటరిగా తయారుచేయలేరు.

బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ఎత్తుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక ఆ భాండారాన్ని ప్రభుత్వం లక్ష రూపాయలకు ఆయన భార్య దగ్గర కొన్నది. తర్వాత 1830లలో, మిగిలిన పని నేను పూర్తిచేస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ఆయనకు అంత యోగ్యత లేదన్నది. ఆ పని విలియం టేలర్ అనే మిషనరీకి పోయింది. ఎన్నో ఏళ్లు ఊళ్లు తిరిగి, ఏ కాగితం ఎవరి ఇంట్లోంచి ఎట్లా వచ్చిందో తెలిసిన మనిషిని పక్కన పెట్టారు. కట్టలు మిగిలాయి గానీ, కట్టల వెనక ఉన్న తెలివి ఆయనతోనే పోయింది. ఈ తప్పు మనమూ చేస్తున్నాం. సంఘానికి ఇరవై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి రిటైరైతే శాలువా కప్పుతాం, బీరువాలో ఏమున్నదో ఆయనను ఒక్క మాట అడగం.

కైఫీయత్తులు తిరిగి మద్రాసు చేరాక పురుగు పట్టి, ఎండి, విరిగిపోతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. మళ్లీ నకలే కాపాడింది.

ఇంకో పేరు కూడా చెప్పాలి, అది మా వైపు సంబంధం ఉన్నది. కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకున్నది నాగపూర్‌లో. మరాఠీలో రాసేవాడు. పాత కాగితం దొరికితే చరిత్రకు ఆధారం దొరికినట్టే అన్న పట్టుదల అప్పటి మరాఠీవాళ్లలో బాగా ఉండేది. రాజవాడే గారు గాడా గాడా తిరిగి ఇళ్లలోని దఫ్తరాలు సేకరించి, 1910లో పుణెలో భారత ఇతిహాస సంశోధక మండలం పెట్టించాడు. లక్ష్మణరావు గారు ఆ గాలి పీల్చి తెలుగుదేశానికి వచ్చినవాడు. ఆయన పోయాక ఆయన పేరుతో హైదరాబాదులో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములు అచ్చు వేసింది. ఆదిరాజు వీరభద్రరావు గారు పంతులు. ఇట్లాంటి మండళ్లను నడిపింది జీతం తీసుకునే చరిత్రకారులు కాదు, పగలు ఇంకో పని చేసుకుని సాయంత్రం శాసనం కూడబలుక్కున్నవాళ్లు.

సరిహద్దులు మారితే కాగితం ఎటు పోతుంది

మన సమాఖ్యలో ఉన్న ఊళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనం ఎక్కడికీ కదలకుండానే మన రాష్ట్రాలు మారాయి, మన దస్త్రాలు మాత్రం పాత రాజధానుల్లోనే ఉండిపోయాయి. బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. అందుకని అక్కడి పాత కాగితం కోసం భువనేశ్వరం ఒక్కటి తిరిగితే చాలదు, చెన్నై పోవాలి. బళ్లారి 1953 అక్టోబరు దాకా మద్రాసులోనే ఉన్నది. నాందేడ్ 1956 దాకా నైజాం హైదరాబాదు. అక్కడివాళ్ల తాతల సంగతి హైదరాబాదు తార్నాకలోని దఫ్తరాల్లో, ఉర్దూ, పార్సీల్లో ఉంటుంది. సోలాపూర్‌ది బొంబాయి రాజధాని, పాత మరాఠీ కాగితం మోడీ లిపి. బెంగళూరు తొగటవాళ్ల గురించి, దేవాంగుల గురించి 1800లో మైసూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ రాశాడు. ఆయనా డాక్టరే, రాసింది ఇంగ్లీషులో.

యానాం సంగతి అన్నిటికంటే వేరు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నందున అక్కడి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ఫ్రెంచిలో రాశారు. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. 1776 జూన్‌లో ఫ్రెంచి రాజు ఒక శాసనం చేశాడు. వలస ఊళ్లలోని ఇట్లాంటి పుస్తకాలకు ఇంకో నకలు తీసి ఓడలో ఫ్రాన్సుకు పంపి, వెర్సాయ్‌లో దాచాలని. ఊళ్లో ఒకటి, కోర్టులో ఒకటి, సముద్రం అవతల ఒకటి. ఓడలు మునుగుతాయి, తుఫానులు వస్తాయి, చెద పడుతుంది అని తెలిసి చేసిన పని అది. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవును 1839 నవంబరు తుఫాను తుడిచిపెట్టింది. ఆ తీరంలో కాగితానికి ఎంత భరోసా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మొదట్లో ఆ పుస్తకాలు ఫ్రెంచివాళ్ల కోసమే. ఊరి జనం పేర్లు ఎక్కడం 19వ శతాబ్దం చివరి భాగంలో గట్టిపడింది. ఆ మూడో నకళ్లు ఇప్పుడు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఉన్నాయి. రెండు వందల యాభై ఏళ్ల కింద రాజుగారి గుమాస్తాకు తెలిసిన 'మూడు చోట్ల' సూత్రం, చేతిలో ఫోను పట్టుకుని తిరిగే మనకు ఇంకా పట్టలేదు.

ఇప్పుడు లెక్క వేయండి. మోడీ, ఉర్దూ, పార్సీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, తమిళం, ఒడియా, కన్నడం, తెలుగు. మన సమాఖ్య చరిత్ర పూర్తిగా చదవగలిగిన మనిషి ఒక్కడు పుట్టడు. యానాంలో ఒక ఫ్రెంచి మాస్టారు, నాందేడ్‌లో ఒక ఉర్దూ ఉస్తాదు, సోలాపూర్‌లో మోడీ వచ్చిన ఒక ముసలాయన, బరంపురంలో ఒక పట్టు నేతగాడు ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉంచుకుంటేనే పని అవుతుంది.

ఆ చందా పుస్తకం

ఇప్పుడు మొదట్లో ఆపిన కథ. నేను తెచ్చుకున్న మూడింటిలో ఒకటి మోడీలో ఉంది. కోర్టులో పనిచేసి రిటైరైన ఒక మరాఠీ పెద్దాయనకు మోడీ వచ్చునంటే ఆయన దగ్గరకు తీసుకుపోయాను. మోడీ రాసేవాళ్లు కలం ఎత్తరు, మాటకూ మాటకూ మధ్య సందు ఉండదు, ఇకారానికి ఉకారానికి పొట్టి పొడుగు తేడా చూపరు. మరాఠీ పేరైతే ఆయన ఊహించి చదవగలడు. మన ఇంటిపేర్లు ఆయనకు ఎట్లా తెలుస్తాయి? ఆయన "కురపాటి" అని చదివాడు. మా ఇంటి వెనక ఉండే ముసలమ్మను కూర్చోబెట్టి వినిపిస్తే, "కురపాటి గాదు బిడ్డా, కూరపాటోల్లు. మా మేనత్తనిచ్చిన ఇల్లు" అన్నది. అక్కడి నుంచి ఇద్దరూ జోడీ అయ్యారు. ఆయన అక్షరం చెప్పడం, ఆమె మనిషిని చెప్పడం. అట్లా చదువుతూ పోతుంటే ఆ పిల్లవాడి తాత పేరు, సిరిసిల్ల వైపు సొంతూరు, నెలకు కట్టిన చందా దొరికాయి. అందరం సంతోషపడ్డాం.

మన పిల్లే ఒకామె వకీలు. పుస్తకం ఆమె చేతిలో పెట్టాం. తిరగేసి, "కాకా, ఇది ఇన్ని రోజులు ఎక్కడుంది?" అన్నది.

"మా ఇంట్లో. అంతకుముందు హాలు అటక మీద."

"మధ్యలో?"

"రద్దీ కుప్పలోంచి తీసిన."

"అదే చిక్కు," అన్నది.

ఆమె చెప్పింది అప్పుడు నాకు పూర్తిగా ఎక్కలేదు. 1872 నాటి సాక్ష్యం చట్టంలోనూ, దాని బదులు 2023లో వచ్చిన కొత్త చట్టంలోనూ ముప్పై ఏళ్లు దాటిన కాగితానికి ఒక గౌరవం ఉంది. రాసినవాళ్లను పిలిచి అడగకుండానే నిజమైనదిగా అనుకోవచ్చు. కానీ అది ఉండవలసిన చోటు నుంచి, ఉండవలసినవాళ్ల దగ్గర నుంచి రావాలి. మన పుస్తకానికి పేజీ నంబర్లు లేవు, నడుమ నాలుగు కాగితాలు లేవు, సంఘం రిజిస్టరులో ఇట్లాంటి పుస్తకం ఒకటుందన్న పద్దు లేదు, ఎవరో ఇంటికి తీసుకుపోయారు. ఆ 'ఎవరో' నేనే. కాపాడాననుకున్నాను. కాపాడింది నిజమే గానీ, దాని బలం తీసేసింది కూడా నేనే.

ఆ పిల్లవాడి పని చివరికి ఇంకో దారిలో అయింది. తండ్రికి అక్క ఒకామె 1959లో మునిసిపల్ బడిలో ఒకటో తరగతి చేరింది. బడిలోని జనరల్ రిజిస్టరును ఒక గుమాస్తా పాత తలుపు తెర గుడ్డలో చుట్టి, బీరువా పై అరలో పెట్టి, సంవత్సరం రాసి అతికించాడు. ఆయనకు మనమెవరో తెలియదు. ఆయన పని ఆయన చేశాడు, అంతే. అయితే ఈ తిరుగుడులో ఆ సంవత్సరం సీటు పోయింది. మరుసటి ఏడు పిల్లవాడు వేరే కోర్సులో చేరాడు.

దాని తర్వాత మా దగ్గర కొంతమందిమి కూర్చున్నాం. ఒక సీఏ, ఆ వకీలు, ఒక లైబ్రేరియన్, పుస్తకాలు కుట్టే ఒక బైండరు, మోడీ చదివిన పెద్దాయన, ఇద్దరు నేతగాళ్లు. మొదటి రోజే తగాదా వచ్చింది. కంపెనీలైతే లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు ఉంచాలని చట్టం, ఆ లెక్కన పాతవి తీసేయవచ్చు కదా అన్నాడు సీఏ. లైబ్రేరియన్ లేచి, "మీకు ఎనిమిదేళ్లకు పని అయిపోతుంది, మాకు అప్పుడే మొదలవుతుంది" అన్నది. ఇద్దరి మాటా నిజమే. కరెంటు బిల్లులు, టీ ఖర్చు వోచర్లు ఎప్పటికీ ఉంచితే అటక చాలదు, మళ్లీ ఎవడో అన్నీ కలిపి రద్దీకి వేస్తాడు. అందుకని ముందే తేల్చుకున్నాం. సభ్యుల పుస్తకాలు, మినిట్లు, స్థలం కాగితాలు, చందా జాబితాలు, పెళ్లి హాలు బుకింగు రిజిస్టర్లు, మన పాత సంచికలు ఎప్పటికీ. వోచర్లు సీఏ చెప్పినన్ని ఏళ్లు. పారేసే ముందు ఏం పారేస్తున్నామో మినిట్లలో రాసి ఇద్దరు సంతకం పెట్టాలి. పెళ్లి హాలు రిజిస్టరు ఎందుకని కొందరు నవ్వారు. ఏ ఇంటి పిల్లను ఏ ఊరికి ఇచ్చాం, మరాఠ్వాడాకా, భీవండికా, తెలంగాణకా అన్నది దానికంటే బాగా చెప్పే పుస్తకం మన దగ్గర ఇంకోటి లేదు.

బైండరు దగ్గర నేర్చుకున్నవి కొన్ని. చిరిగిన చోట సెలోటేపు వేయవద్దు, నాలుగేళ్లలో పసుపై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ ఊడి రాదు. మైదా జిగురులో మైలుతుత్తం ఎందుకు వేస్తారో చెప్పాడు. పక్కనున్న నేతగాడు, "గంజి పట్టిన నూలును పురుగు వదలదు, మాకు తెల్వదా" అన్నాడు. వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి వెంటనే అర్థమైంది, మిగతా మేమే వెనకబడ్డాం.

ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడితే సరిపోతుందని కుర్రవాళ్లు అంటారు. కిందటిసారి తీసిన ఫొటోలు ఒకరి ఫోనుతో పాటు పోయాయి. అంతకుముందు సీడీలో ఎక్కించినవి ఇప్పుడు తెరవడానికి డబ్బా లేదు. ఫొటో మంచిదే, కానీ ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ సంవత్సరం అని పేరు పెట్టి, మూడు చోట్ల ఉంచినప్పుడే అది నకలు. అసలు పుస్తకం మాత్రం ఉండవలసిన చోటే ఉండాలి.

నా దగ్గరున్న మూడు పుస్తకాలను సంఘానికి తిరిగి అప్పజెప్పాను. ఏ రోజు, ఎక్కడి నుంచి, ఎట్లా నా చేతికి వచ్చాయో ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. రద్దీ మాట కూడా రాశాను. లైబ్రేరియన్ వాటికి పేజీ నంబర్లు పెన్సిలుతో వేసింది. మోడీ పెద్దాయన, ముసలమ్మ కలిసి ఇప్పటికి ఒక పుస్తకం సగం దాకా చదివారు. ఆమెకు చూపు తగ్గుతున్నది, ఆయనకు ఎనభై దాటాయి. ఆదివారం ఆదివారం కూర్చుంటున్నారు. వాళ్ల పక్కన కూర్చుని రాసుకోవడానికి తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన పిల్లలు ఇద్దరు కావాలి. మీ ఊళ్లలోనూ ఇట్లాంటి జోడీ ఎవరైనా ఉంటే, వచ్చే సంచిక దాకా ఆగకండి.